తొండి ఆడే పిల్లల్ని దారిలో పెట్టడం ఎలా? రాజోలు వైపు నుంచి వచ్చిన ప్రశ్నకి జవాబు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: రాజోలు దగ్గర ఊళ్ళో సాయంత్రాలు 10 నుంచి 16 ఏళ్ళ పిల్లలకి కబడ్డీ, వాలీబాల్ నేర్పుతున్నారు. టచ్ తగిలినా తగల్లేదంటారు, ఓడితే కొట్టుకుంటారు, గట్టు మీంచి తండ్రులు అంపైర్ని తిడతారు. సంక్రాంతి టోర్నమెంటుకి వెళ్తే అవతలి జట్టులో గెడ్డం గీసుకునేవాళ్ళు అండర్ 16 అని దిగుతారు. "నీతిగా ఆడితే ఓడిపోతున్నాం మాస్టారూ" అంటున్న పిల్లలకి ఏం చెప్పాలన్నది మీ అసలు బాధ.

జవాబు ముందే చెప్పేస్తాను. మాటలతో మార్చలేరండి. నిజాయితీ కూడా పట్టు పట్టడం లాంటి అలవాటే, ప్రాక్టీసులో ఓ పది నిమిషాలు దానికి కేటాయిస్తేనే వస్తుంది. దాంతోపాటు తొండికి సందు దొరక్కుండా గీతలు, స్కోరు, అంపైరింగు సర్దుకోవాలి. పెద్దవాళ్ళని తాడు అవతల నిలబెట్టాలి. వయసు దొంగలు ఆడే టోర్నమెంట్లకి వెళ్ళడం మానేయాలి, వీలైతే మీరే ఒకటి పెట్టుకోవాలి. ఒక సీజన్ ఓపిక పట్టాలి. ప్రతిజ్ఞలు, గోడ మీద సూక్తులు, మ్యాచ్‌కి ముందు పావుగంట ఉపన్యాసం వీటివల్ల ఒరిగేదేమీ లేదు. పిల్లలు తల ఊపుతారు, విజిల్ పడగానే మర్చిపోతారు.

ముందు ఏది తొండి, ఏది కాదో విడదీయండి

పిల్లలు చేసే ప్రతిదాన్నీ మోసం అంటే వాళ్ళు మీ మాట పట్టించుకోవడం మానేస్తారు. కబడ్డీలో ఆధిక్యంలో ఉన్న జట్టు రైడర్ చివరి నిమిషంలో బాక్ లైన్ (రైడర్ తప్పక దాటాల్సిన గీత) దాటి, 30 సెకన్లూ కూత పెట్టుకుంటూ గడిపేసి వెనక్కి వచ్చేస్తే అది తొండి కాదు. నిబంధన ఇచ్చిన వెసులుబాటు. ఎడమకి తూలినట్టు నటించి కుడికాలు విసరడం తెలివి. వాలీబాల్లో స్మాష్ కొడుతున్నట్టు ఎగిరి, నెట్ వెనకాలే మెల్లగా వదిలేయడమూ అంతే.

రెండో రకం ఫౌళ్ళు. చొక్కా పట్టి లాగడం, రెండు కాళ్ళతో కత్తెర వేసి రైడర్ని పడగొట్టడం, కూత ఆపాలని నోరు నొక్కడం, కావాలని లైను బయటికి తోసేయడం. ఇవి అందరికీ కనబడతాయి, శిక్ష రూల్లోనే ఉంది, అక్కడికక్కడ వేసేస్తే గొడవ తీరిపోతుంది.

మూడో రకం దాచిపెట్టేది. టచ్ తగిలినా చెయ్యి ఎత్తకపోవడం, ఒంటికి నూనె రాసుకుని దిగడం, గోళ్ళు పెంచి గీరడం, స్కోరు ఒకటి ఎక్కువ చెప్పడం, వయసు తగ్గించడం. మీ శక్తంతా పెట్టాల్సింది ఈ మూడోదాని మీదే. నూనె రాసుకోకూడదని, గోళ్ళు కత్తిరించుకోవాలని, ఉంగరాలు, కడియాలు, మొలతాడు బిళ్ళలు లాంటివి ఉండకూడదని కబడ్డీ నిబంధనలే చెప్తాయి. కాబట్టి కోర్టులోకి దిగేముందు రెండు జట్ల కెప్టెన్లు అవతలివాళ్ళ చేతులు, మోచేతులు తడిమి చూసుకోవడం రివాజు చేయండి. అర నిమిషం పని. అనుమానంతో చూడటం వేరు, రోజూ అందర్నీ చూడటం వేరు. రోజూ చూస్తే ఎవరికీ అవమానం అనిపించదు.

క్రికెట్ ఆడే పిల్లలు ఒకటి తప్పకుండా అడుగుతారు, నాన్‌స్ట్రైకర్ని (బౌలర్ వైపు నిలబడే బ్యాటర్ని) బంతి వేయకముందే గీత దాటితే బౌలర్ రనౌట్ చేయొచ్చా అని. 1947లో సిడ్నీలో మన బౌలర్ వినూ మన్కడ్ ఆస్ట్రేలియా బ్యాటర్ బిల్ బ్రౌన్‌ని అలా ఔట్ చేసినప్పటి నుంచీ దీని మీద వాదనలే. 2022 అక్టోబరులో ఆ నిబంధనని అన్యాయపు ఆట కింద నుంచి తీసి మామూలు రనౌట్లోకి మార్చారు. రూల్లో ఉంది, చేయొచ్చు. ఒకసారి హెచ్చరించి అప్పుడు చేయడం మా పద్ధతి అనుకుంటే అదీ మంచిదే. అయితే ఆ మాట మ్యాచ్‌కి ముందే తేల్చుకోవాలి. బెయిల్స్ ఎగిరాక నీతి మాట్లాడటం కూడా ఒక రకం తొండే.

తనది తనే చెప్పుకునే డ్రిల్లు

ఇది అన్నిటికంటే ముఖ్యం కాబట్టి వివరంగా చెప్తాను.

ఒక రైడర్, నలుగురు యాంటీలు (రైడర్ని పట్టుకునే అవతలి జట్టువాళ్ళు). రైడుకి 20 సెకన్లు చాలు. రైడర్ వెనక్కి వచ్చేశాక ఎవరూ నోరెత్తకూడదు. ముందు మాట్లాడాల్సింది నష్టపోయేవాడే. టచ్ తగిలిన యాంటీ తనే చెయ్యి ఎత్తి పక్కకి వెళ్ళిపోవాలి. కూత తెగిందని రైడర్‌కి తెలిస్తే తనే చెప్పాలి. మీరు మనసులో మూడు లెక్కపెట్టండి. ఆలోపు ఎవరూ చెప్పకపోతే అప్పుడు అవతలివాడు అడగొచ్చు: "ఒరే, తగిలింది కదా?" ఒప్పుకుంటే మామూలుగా ఒక పాయింటు. బుకాయిస్తే, తగలడం మీరు కళ్ళారా చూసి ఉంటే, రెండు పాయింట్లు. ఎవరికీ ఖాయంగా తెలియకపోతే ఆ రైడు మళ్ళీ ఆడించండి, వాదన పెంచొద్దు.

పది నిమిషాలు, వారానికి నాలుగు రోజులు. స్కోరు రాయాలి, ఓడిన జట్టు కోర్టు ఊడ్చాలి. ఏదో ఒకటి పోయేది ఉండాలండి, పోయేదేమీ లేనప్పుడు అందరూ హరిశ్చంద్రులే.

ఇదెందుకు పనిచేస్తుందంటే, మ్యాచ్‌లో టచ్ తగిలాక పిల్లాడికి ఆలోచించే టైము ఉండదు. అలవాటు లేనివాడు ముందు రిఫరీ మొహం చూస్తాడు: చూశాడా, లేదా? ఆ ఒక్క చూపులో లెక్క అయిపోతుంది. అలవాటున్నవాడి చెయ్యి ఆ చూపు కంటే ముందే లేస్తుంది. డ్రిల్లు నడుస్తున్నప్పుడు వాళ్ళ చేతులు కాకుండా కళ్ళు చూడండి. టచ్ కాగానే మీవైపు తిరిగే కళ్ళు తగ్గుతున్నాయంటే దారిలో పడుతున్నారన్నమాట.

చెడిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. మొదటిది, కోచ్ ఆగలేకపోవడం. మూడు లెక్కపెట్టే లోపే "తగిలిందిరా, బయటికి పో" అని అరిచేస్తాం. అలా నాలుగుసార్లు అరిస్తే పిల్లలు చెప్పడం మానేసి మీ అరుపు కోసం ఎదురుచూస్తారు. రెండోది, నిజం చెప్పినందుకు చాక్లెట్లు, పెన్నులు ఇవ్వడం. కొన్నాళ్ళకి తగలని టచ్‌లు కూడా తగిలాయని చెప్పడం మొదలెడతారు. మెచ్చుకోలు చాలు, అదీ తల ఊపి "సరే" అనేంత. మూడోది, పదో తరగతి కుర్రాళ్ళు ఏడో తరగతి పిల్లల్ని బెదిరించి ఒప్పించడం: "తగిలిందని చెప్పరా, లేకపోతే బయట చూసుకుంటా". అందుకే ఈ డ్రిల్లులో ఒకే వయసు వాళ్ళని కలపాలి. నాలుగోది చాడీలు. గట్టున కూర్చున్నవాడు "మాస్టారూ, వీడికి తగిలిందండి" అంటే ఆ మాట లెక్కలోకి తీసుకోకండి, కోర్టులో ఉన్నవాళ్ళ మాటే చెల్లుతుందని మొదటి రోజే చెప్పండి.

వాలీబాల్లో ఇదే డ్రిల్లు బ్లాక్ టచ్‌కి పెట్టుకోవచ్చు. బంతి వేలికి రాసుకుని బయట పడితే బ్లాక్ చేసినవాడే చెప్పాలి. అంతర్జాతీయంగా కూడా 2023 వాలీబాల్ నేషన్స్ లీగ్‌లో తనకి తాకిందని తనే ఒప్పుకున్న ఆటగాడికి ఆకుపచ్చ కార్డు చూపించడం మొదలుపెట్టారు. పిల్లలకి ఈ సంగతి చెప్పండి, బాగా పట్టుకుంటారు. కాకపోతే కబడ్డీలో ఆకుపచ్చ కార్డంటే హెచ్చరిక. రెండు ఆటలూ ఆడే పిల్లలుంటే గందరగోళం రాకుండా వాలీబాల్‌కి వేరే గుర్తు పెట్టుకోండి.

బ్యాడ్మింటన్ గురించి మీరు అడగలేదు గానీ, అమలాపురం సాత్విక్‌సాయిరాజ్ 2022లో థామస్ కప్ జట్టులో, తర్వాత హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి స్వర్ణం గెలిచాక కోనసీమలో రాకెట్ పట్టని వీధి లేదు కాబట్టి ఒక మాట. లైన్ జడ్జిలు లేని చోట ఎవరి సగంలో పడ్డ కాక్ వాళ్ళే చెప్పాలి. గీతకి ఏ కొంచెం తాకినా లోపలే. సరిగ్గా చూడలేదంటే పాయింటు అవతలివాడిదే. ఈ మూడో మాటే పిల్లలకి మింగుడు పడదు, దాని మీదే పట్టుబట్టాలి.

సగం గొడవలు గీతల వల్లే

మన వైపు ఆటలన్నీ సార్వా (ఖరీఫ్ వరి) కోతలయ్యి దాళ్వా (రబీ వరి) నాట్లు పడేలోపు చేలల్లో, లేదంటే స్కూలు గ్రౌండులో. పొద్దున వేసిన ముగ్గు గీత మూడో మ్యాచ్‌కి కనబడదు. కాలు గీత తొక్కిందా లేదా అని ఇద్దరూ నిజమే అనుకుంటూ కొట్టుకుంటారు. ఇక్కడ తొండి లేదు, గీతే లేదు.

సబ్ జూనియర్ (పదహారేళ్ళ లోపు) కబడ్డీ కోర్టు 11 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. లాబీ, బాక్, బోనస్, మధ్య గీతలన్నీ కలిపితే దాదాపు 100 మీటర్ల నవారు పడుతుంది. సన్నరకం తెల్ల నవారు కొని, ప్రతి ముక్క చివర కోర్టు బయట ఒక అడుగు దూరంలో చెక్క మేకులకి బిగించి కట్టండి. కోర్టు లోపల మేకు గానీ సీల గానీ ఒక్కటి కూడా ఉండకూడదు, వట్టి కాళ్ళతో ఆడతారు. అంచుల మీద కాస్త ఇసుక జల్లితే కాలికి తట్టుకోదు. నవారు దొరకనప్పుడు ముగ్గుపిండి వాడండి, సున్నం మాత్రం వద్దు. కంట్లో పడితే ప్రమాదం, గీసుకుపోయిన మోకాలికి తగిలితే మంట. ముగ్గు వేస్తే విరామంలో ఇంకోసారి వేయాలి, ఆ పని ఫలానా ఇద్దరిదని ముందే పేర్లు చెప్పాలి.

నల్లరేగడి నేలైతే పైన రెండు మూడు అంగుళాల ఇసుక పోసి తడిపి తొక్కించండి. గట్టి నేల మీద పడ్డ పిల్లాడికి నొప్పి వస్తుంది, నొప్పికి కోపం వస్తుంది, ఆ కోపం ఎదుటివాడి మీదకి పోతుంది. ఆట మర్యాద గురించి మాట్లాడేవాళ్ళెవరూ ఇసుక గురించి మాట్లాడరు.

స్కోరు బోర్డు అందరికీ కనబడాలి. నల్లబల్ల, సుద్దముక్క చాలు. రెండు జట్ల నుంచి ఒక్కొక్కడు ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఇద్దరూ ఒప్పుకున్నాకే అంకె మార్చాలి. విడివిడిగా రెండు పుస్తకాలు పెట్టారో, మ్యాచ్ అయ్యాక రెండు స్కోర్లు వస్తాయి.

విజిల్ పిల్లల చేతికివ్వండి

పన్నెండేళ్ళు దాటిన ప్రతి పిల్లాడూ, పిల్లా వారానికి ఒక ప్రాక్టీసు మ్యాచ్ అంపైర్ చేయాలి. ఎవడు ఎక్కువ వాదిస్తాడో వాడికి తర్వాతి మ్యాచ్ విజిల్ ఇవ్వండి. శిక్షగా కాదు, వంతుగా. పది రైడ్లు చూసేసరికి మూడుచోట్ల తనకే అనుమానం వస్తుంది. అంపైర్‌కి అన్నీ కనబడవన్న సంగతి చెప్తే తెలిసేది కాదు.

ఇద్దరిద్దర్ని పెట్టండి, ఇద్దరూ వేరువేరు వీధుల వాళ్ళయి ఉండాలి. చిన్నపిల్లల్ని పెద్దవాళ్ళ మ్యాచ్‌కి పెట్టకండి. ఇక అన్నిటికంటే కష్టమైంది: పిల్లల అంపైర్ తప్పు చెప్పినా మీరు ఆ మ్యాచ్‌లో మార్చకూడదు. దెబ్బ తగిలే ప్రమాదం ఉంటేనే కల్పించుకోవాలి. ఒక్కసారి మార్చారంటే ఆ విజిల్‌కి ఇక విలువ లేదు. మ్యాచ్ అయ్యాక ఆ ఇద్దర్నే పక్కకి పిలిచి, అక్కడ ఎక్కడ నిలబడి ఉంటే కనబడేదో చూపించండి. చాలా తప్పులు నిజానికి నిలబడే చోటువే.

తొడ కొట్టడం సంగతి

ఇది మన వైపు ప్రత్యేకం. పాయింటు తెచ్చాక తొడ కొట్టొద్దు, మీసం తిప్పొద్దు అంటే కబడ్డీలో సగం సంబరం పోతుంది, పిల్లలు వినరు కూడా. నా లెక్క ఇది: తన జట్టు వైపు తిరిగి కొట్టుకోవచ్చు. ఎదుటివాడి మొహంలో మొహం పెట్టి కొడితే హెచ్చరిక. కింద పడి ఉన్నవాడి మీద నిలబడి కొడితే రెండు నిమిషాలు బయట. పడినవాణ్ణి లేపి, ఆ తర్వాత ఎంత కొట్టుకున్నా నాకేం అభ్యంతరం లేదు. వారంలో పిల్లలకి ఇది ఒంటబడుతుంది, ఎందుకంటే దిక్కు మారిస్తే సరిపోతుంది, సంబరం మానక్కర్లేదు.

కార్డులు అట్టముక్కలతో చేసుకోండి. ఆకుపచ్చ హెచ్చరిక, పసుపు రెండు నిమిషాలు బయట, ఎరుపు ఆ మ్యాచ్‌కి ఆఖరు. ప్రాక్టీసులో కూడా ఇవే వాడాలి. గుంజీళ్ళు, గ్రౌండు చుట్టూ పరుగులు శిక్షగా పెట్టకండి. పరుగంటేనే విసుగొస్తుంది, మర్నాడు అదే పరుగు వార్మప్‌లో పెట్టాలి కదా. చెయ్యి చేసుకోవడం గురించి వేరే చెప్పాలా? స్కూల్లో పిల్లల్ని కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టమే నిషేధించింది, గ్రౌండుకి వేరే న్యాయం లేదు.

అసలు పరీక్ష మీ మంచి రైడర్ దగ్గర వస్తుంది. మ్యాచ్ నిలబెట్టేవాడు వాడొక్కడే. ఫైనల్లో తొండి చేశాడు, లేదా అంపైర్ మీదకి వెళ్ళాడు. చివరివాడికైతే టక్కున పసుపు కార్డు తీసే చెయ్యి ఇక్కడ జేబులోనే ఉండిపోతుంది. జట్టంతా అప్పుడు చూసేది రిఫరీని కాదు, మిమ్మల్ని. రిఫరీ చూడకపోయినా మీరు వాణ్ణి మార్చి బయట కూర్చోబెట్టాలి, కబడ్డీలో మార్పులకి వీలుంది. అలా చేస్తే ఆ మ్యాచ్ పోవచ్చు. చేయకపోతే అప్పటిదాకా చేయించిన డ్రిల్లంతా బలహీనులకే అని పిల్లలు అర్థం చేసుకుంటారు, ఆ తర్వాత మీరు ఏం చెప్పినా చెల్లదు. ఈ సంగతి సీజన్ మొదట్లోనే ఆ రైడర్‌కీ, వాళ్ళ నాన్నగారికీ కలిపి చెప్పి ఉంచండి. ఆ రోజు కొత్తగా చెప్తే పక్షపాతం అంటారు.

ఓడినప్పుడు

పదేళ్ళవాడు ఏడుస్తాడు, ఏడవనివ్వండి. "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా" అంటే ఏడుపు ఆగి తన్నులాట మొదలవుతుంది. మ్యాచ్ అవగానే చేతులు కలపడం, నీళ్ళు తాగడం, అంతే. ఎందుకు ఓడామన్న చర్చ మర్నాడు.

చేతులు కలిపే దగ్గర ఒక చిన్న మార్పు చేసి చూడండి. ఉత్తినే చేతులు తాకిస్తే కోపమున్నవాడు గట్టిగా చరిచి వెళ్ళిపోతాడు. దానికి బదులు ప్రతివాడూ తన ఎదురుగా ఉన్నవాడికి వాడు బాగా చేసింది ఒకటి చెప్పాలి. "బాగా ఆడావు" చెల్లదు. "నీ కుడివైపు చీలమండ పట్టు విడిపించుకోలేకపోయాను" లాంటిది కావాలి. ఆ మాట చెప్పాలంటే ఆట జరుగుతున్నంతసేపూ ఎదుటివాణ్ణి చూసి ఉండాలి. ఆటకి కూడా ఇది మంచిదే, మర్నాటి చర్చకి సరుకు దొరుకుతుంది.

గట్టు మీద పెద్దలు

లైనుకి మూడు మీటర్ల అవతల కొబ్బరితాడు కట్టండి. ప్రేక్షకులంతా ఒకే వైపు ఉండాలి, స్కోరు బల్ల, జట్లు రెండో వైపు. చప్పట్లు, పేరు పెట్టి పిలవడం, ఈలలు, డప్పులు ఏమైనా కానివ్వండి. అంపైర్ని అనడం, అవతలి పిల్లల్ని అనడం, లోపలి పిల్లాడికి ఆట చెప్పడం కుదరదు. మూడోది చాలామందికి తప్పని తెలియదు. తండ్రి ఒకటి, కోచ్ ఒకటి అరిస్తే పిల్లాడు రెండూ వినలేక తడబడతాడు. తడబడి పాయింటు పోతే ఆ కోపం అంపైర్ మీదకి వెళ్తుంది.

ఊళ్ళో పెద్దమనిషిని నోరు మూసుకోమనలేం కదా. పని అప్పగించండి. "బాబాయ్ గారూ, మీరు అరుస్తుంటే మీవాడు నా మాట వినట్లేదండి. మీరిలా వచ్చి ఆ టైము చూసిపెట్టండి, నాకు మనిషి లేడు" అంటే "ఆయ్, అలాగే" అని వచ్చి కూర్చుంటారు. చేతిలో గడియారం ఉన్నవాడు అరవడు. అప్పటికీ ఆగకపోతే ఆట ఆపి, ఆయన తాడు వదిలి వెనక్కి వెళ్ళేదాకా మొదలుపెట్టకండి. మీరు వాదించకండి, మాట్లాడకండి. చుట్టూ ఉన్నవాళ్ళే చెప్తారు.

ఇంటికి తీసుకెళ్ళే బండి మీద ఏం మాట్లాడాలో కూడా తల్లిదండ్రులకి చెప్పండి. "గెలిచావా, ఎన్ని పాయింట్లు తెచ్చావు?" అన్నది మొదటి ప్రశ్న అయితే, రేపు ఆ పిల్లాడు పాయింటు కోసం ఏమైనా చేస్తాడు. "ఆకలేస్తోందా, ఏం తింటావు?" చాలు. ఆట కబుర్లు వాడే చెప్తాడు.

సంక్రాంతి గురించి వేరే చెప్పాలి. భోగి నుంచి ముక్కనుమ దాకా ఊరవతల కోడిపందేల బరులు, పక్కన గుండాట అనే జూదం. చట్టం వద్దంటుంది, ఊరు వినదు, ఆ చర్చ ఇక్కడ వద్దు. మన ఇబ్బంది ఏమిటంటే, ఆ పందేల గాలి పిల్లల మ్యాచ్ దాకా వస్తుంది. ఎవరో ఇద్దరు పదివేలు కాసుకుంటారు, ఓడిన రైడర్ని నలుగురు చుట్టుముడతారు. పిల్లల టోర్నమెంటు ఆ నాలుగు రోజుల్లో పెట్టకండి. జనవరి మొదటి వారంలో అయితే సెలవుల హడావుడికి ముందే, పొద్దున్న ఏడింటికి మొదలెట్టి ఎండ ముదిరేలోపు ముగించేయొచ్చు. పదహారేళ్ళలోపు వాళ్ళకి నగదు బహుమతి వద్దు. దాతలు డబ్బే ఇస్తామంటే బూట్లు, మోకాలి క్యాపులు, బంతులు, నెట్ కొనివ్వమనండి. ఫ్లెక్సీ మీద పేరు ఎలాగూ పడుతుంది, ఆయనకి తృప్తి. పందెం కాశారని తెలిస్తే ఆ మ్యాచ్ ఆపేస్తామని మైకులో మొదటే చెప్పాలి, తెలిశాక నిజంగానే ఆపాలి.

వయసు దొంగలు

ఇది పిల్లల తొండి కాదు, పెద్దల తొండి. కోచ్‌కి కప్పు కావాలి, తండ్రికి సర్టిఫికెట్ కావాలి, మధ్యలో పిల్లాడు అబద్ధం మోస్తాడు. కేంద్ర క్రీడా శాఖ 2010లోనే దీనికి జాతీయ నియమావళి తెచ్చింది. పెద్ద స్థాయిలో ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదల చూస్తారు, క్రికెట్ బోర్డు పిల్లల వయసుకి అదే వాడుతుంది. అది కూడా అంచనాయే, ఆరు నెలలు అటూఇటూ ఉన్నవాడి విషయంలో తేల్చి చెప్పలేదు. మన ఊరి టోర్నమెంటుకి అదంతా కుదరదు. కుదిరేవి ఇవి:

కాగితాలు రెండు అడగండి: ఫోటో అతికించి హెడ్‌మాస్టరు సంతకం చేసిన స్టడీ సర్టిఫికెట్, జనన ధ్రువపత్రం. జనన ధ్రువపత్రంలో పుట్టిన తేదీ కాకుండా రిజిస్టర్ అయిన తేదీ చూడండి. పుట్టిన కొద్ది రోజుల్లో రిజిస్టర్ అయి ఉంటే నమ్మొచ్చు. పన్నెండేళ్ళ తర్వాత, అదీ సెలక్షన్ల ముందు రిజిస్టర్ అయ్యిందంటే ఇంకో ఆధారం అడగాలి. ఆధార్ కార్డు ఒక్కదాన్నే పట్టుకోకండి, అందులో తేదీ ఏ కాగితం చూసి వేశారో మీకు తెలియదు.

తర్వాత తూకం. సబ్ జూనియర్‌లో పదహారేళ్ళ వయసుతోపాటు 55 కిలోల పరిమితి ఉంది. మీరు ఇంకా చిన్న గుంపులు చేసుకోండి: 35 లోపు, 45 లోపు, 55 లోపు. వయసు దాచొచ్చు, బరువు దాచలేరు. పైగా చిన్న పిల్లలకి దెబ్బలు తగ్గుతాయి. ఒక్క కాటా మీదే అందర్నీ తూయాలి, నిక్కరుతో, వట్టి కాళ్ళతో. ఇక్కడ వచ్చే చిక్కు, బరువు తగ్గాలని పిల్లలు ముందురోజు నుంచి తిండి, నీళ్ళు మానేస్తారు, ఎండలో స్వెట్టరేసుకుని పరిగెడతారు. అందుకే అర కిలో, కిలో ఎక్కువున్నా ఒప్పుకుంటామని ముందే ప్రకటించండి. నీళ్ళు మాన్పించిన జట్టుని తీసేస్తామనీ చెప్పండి.

మూడోది ఫిర్యాదు పద్ధతి. ఆటగాళ్ళ ఫోటోల పట్టిక మ్యాచ్‌కి గంట ముందు గోడకి అతికించాలి. అభ్యంతరం ఉంటే టాస్‌కి ముందు, కెప్టెన్ రాతపూర్వకంగా ఇవ్వాలి. ఓడాక ఇచ్చిన ఫిర్యాదు చెల్లదు. ఈ ఒక్క ముక్క రాసుకుంటే రాత్రి తొమ్మిదింటికి జరిగే పంచాయతీలు చాలావరకు ఉండవు.

మీ సొంత జట్టులోనే వయసు తగ్గించమని అడిగే తండ్రులుంటారు. నీతి మాట్లాడకుండా లెక్క చెప్పండి. పదో తరగతి సర్టిఫికెట్లో పడ్డ పుట్టిన తేదీ తర్వాత మార్చడం చాలా కష్టం. ఆటకి ఒక తేదీ, చదువుకి ఒక తేదీ ఉంటే స్పోర్ట్స్ కోటా పరిశీలన దగ్గరో, పాస్‌పోర్ట్ దగ్గరో దొరికిపోతాడు, అప్పటిదాకా గెలిచిన సర్టిఫికెట్లన్నీ అనుమానంలో పడతాయి. ఇంకోటి కూడా: రెండేళ్ళు చిన్నవాళ్ళ మీద బలంతో గెలిచినవాడికి ఆట రాదు. సీనియర్స్‌లోకి వెళ్ళాక ఆ బలం అందరికీ ఉంటుంది, వీడి దగ్గర ఇంకేమీ ఉండదు.

"నీతిగా ఆడితే ఓడిపోతున్నాం"

ఓడిపోరని పిల్లలకి చెప్పకండి, అది అబద్ధం. 1980లో బొంబాయిలో జరిగిన క్రికెట్ బోర్డు స్వర్ణోత్సవ టెస్టులో అంపైర్ ఔటిచ్చిన ఇంగ్లండ్ బ్యాటర్ బాబ్ టేలర్‌ని మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ వెనక్కి పిలిచాడు. బంతి బ్యాటుకి తగల్లేదని ఆయనకి తెలుసు. టేలర్, బోథమ్ కలిసి పెద్ద భాగస్వామ్యం నిలబెట్టారు, ఇండియా 10 వికెట్ల తేడాతో ఓడిపోయింది. కథ మొత్తం చెప్పండి, ఓటమితో సహా. పిల్లలు "అయితే పిలవకుండా ఉండాల్సింది కదా" అంటారు. అననివ్వండి, వాళ్ళలో వాళ్ళని వాదించుకోనివ్వండి, మీరు తీర్పు చెప్పకండి.

మీ జట్టు ఎందుకు ఓడుతోందో మాత్రం విడిగా రాయండి. నాలుగైదు మ్యాచ్‌లకి, ప్రతి మ్యాచ్‌లో ఒప్పుకున్నందుకు పోయిన పాయింట్లు ఎన్ని, కూత తెగి, తొందరపడి పట్టుకి వెళ్ళి, బోనస్ వదిలేసి, లోనా (జట్టంతా ఔటవడం) ఇచ్చేసి పోయినవి ఎన్ని. రెండు నిలువు గడులు చాలు. సాధారణంగా మొదటి గడిలో ఒకటో రెండో ఉంటాయి, రెండో గడి నిండిపోతుంది. నీతి వల్ల ఓడామనడం సులువు, చీలమండ పట్టు రాక ఓడామనడం కష్టం. ఆ కాగితం చూశాక కుర్రాళ్ళు ఆ మాట అనడం చాలావరకు మానేస్తారు.

బయటి టోర్నమెంటులో ఎదుటి జట్టు తొండి చేస్తుంటే కెప్టెన్ ఒక్కడే వెళ్ళి రిఫరీతో ఒక్కసారి చెప్పాలి. మిగిలిన ఆరుగురూ తమ సగంలోనే ఉండాలి. మ్యాచ్ మధ్యలో వాకౌట్ వద్దు, ఆడేసి వచ్చి, వచ్చే ఏడాది ఆ ఊరికి పంపకండి. పిలిచిన ప్రతి ఊరికీ వెళ్ళక్కర్లేదు. ఆహ్వానం రాగానే నిర్వాహకులకి ఫోన్ చేసి మూడు అడగండి: తూకం ఉందా, ఫోటో పట్టిక పెడతారా, రిఫరీలు ఏ ఊరివాళ్ళు? మూడింటికీ నసిగితే వద్దనుకోండి. చుట్టుపక్కల మీలాగే విసిగిపోయిన మాస్టార్లు నలుగురుంటారు. నాలుగు ఊళ్ళు కలిసి, ఆదివారాలు వంతులవారీగా ఒకరి ఊళ్ళో ఒకరు ఆడుకుంటే పెద్ద ఖర్చు లేదు, మజ్జిగ, పులిహోర సరిపోతాయి. రిఫరీలు మాత్రం ఆ రోజు ఆడని ఊరివాళ్ళే ఉండాలి.

ఆడపిల్లల జట్టు గురించి మీరు రాయలేదు. ఉంటే వాళ్ళకి మగపిల్లలు వదిలేశాక మిగిలిన చీకటి అరగంట కాకుండా, వారానికి మూడు రోజులు ముందు వంతు ఇవ్వండి, గోడ మీద టైము రాసిపెట్టండి. ఇది ఇవ్వకుండా మిగతా పిల్లలకి న్యాయం గురించి చెప్పడం కష్టం.